ఆ ‘అట’ను కొట్టేయకు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంగా చదివాను. ఆనాటి క్రైస్తవ యాత్రికురాలు ఎజేరియా మృత సముద్రం ఒడ్డున, బైబిల్లో వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్య ఉందే, ఆ స్తంభాన్ని పట్టుకుని బోరున ఏడ్చిందని మూడో పేజీలో రాశావు. ఏ స్తంభాన్నమ్మా? ఆవిడ దాన్ని చూడనే లేదు! నెబో కొండ మీంచి చూస్తే చోటు కనిపించింది, స్తంభం లేదు. అది కనబడక కొన్నేళ్లయిందని ఆ దగ్గరి సోయరు ఊరి బిషప్పు చెప్పాడు. సముద్రం ముంచేసిందట. ఇంటి దగ్గరున్న అక్కచెల్లెళ్లకు ఆవిడ అదే రాసింది, ఈ విషయంలో మిమ్మల్ని మోసం చేయలేనని. 380ల నాటి మాట. పడమటి చివర నుంచి అంత దూరం వచ్చిన మనిషి చూశానని రాస్తే కాదనేవాళ్లెవరు? అయినా రాయలేదు.

ఐగుప్తులో, అదే ఈజిప్టులో, రామెసేసు అనే ఊరి దగ్గర ఇంకో సంగతి. ఒకే పెద్ద రాయి, అందులో చెక్కిన రెండు భారీ విగ్రహాలు. ఇశ్రాయేలీయుల్ని నడిపించిన మోషే, అతని అన్న అహరోనులట. ఇశ్రాయేలీయులే నిలబెట్టారట. ఏ ఫరో చెక్కించుకున్నవో అవి! (విగ్రహాలు వద్దన్న మోషేకే విగ్రహం, చూడు.) రాయిని ఆవిడ కళ్లారా చూసింది, పేర్లు మాత్రం విన్నది. అందుకే ‘అంటారు’ అని రాసింది. నువ్వేమో ‘మోషే విగ్రహం ముందు మోకరిల్లింది’ అని తేల్చేశావు.

మన భాషలో ‘అట’ అని ఒక చిన్న ముక్క ఉంది. చూసినదానికీ విన్నదానికీ మధ్య గోడ అది. నా మొదటి వ్యాసంలో ఒక వారపత్రిక సంపాదకుడు పద్నాలుగు చోట్ల దాన్ని కొట్టేశాడు. వాక్యం నీరసపడుతోందట! ఇప్పటివాళ్లూ అంతే, అంతా కళ్లముందు జరిగినట్టు ఉండాలంటారు.

నేనూ తక్కువ తినలేదులే. మద్రాసులో అద్దె గదిలో ఉన్న రోజుల్లో, డబ్బుకి కటకటై, అక్కడి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ ఎక్కకుండానే దాని మీద వ్యాసం రాశాను. పోర్చుగీసువాళ్లకి 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ ఉందే, అది కొండకొమ్మున సముద్రపు గాలికి ఎదురు నిలిచిందని వర్ణించాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు: ‘అయ్యా, సిలువ గుడి లోపల బలిపీఠం వెనక గోడలో ఉంది. గాలి ఎటునుంచి కొట్టింది?’ ఆ ఆదివారమే వెళ్లి మెట్లెక్కాను. పలకంత రాయి, దాని మీద ఉబ్బెత్తుగా సిలువ, చుట్టూ నాకు తెలియని పహ్లవీ (పాత పారశీక లిపి) అక్షరాలు. నేను రాసినదాంట్లో ఒక్కటీ లేదక్కడ.

యెరూషలేములో శుభశుక్రవారం నాటి ఘట్టం బాగా రాశావు. బిషప్పు యేసు సిలువదని నమ్మే కర్రని రెండు చివరలా గట్టిగా పట్టుకోవడం, వచ్చినవాళ్లు చేత్తో తాకకుండా నుదుటితో, తర్వాత కళ్లతో తాకి ముద్దుపెట్టుకోవడం, చుట్టూ డీకన్ల (బిషప్పు కింది సేవకుల) కాపలా. కానీ ఆ కాపలా ఎందుకో వదిలేశావే! ఎవడో ముద్దుపెడుతున్నట్టు వంగి ముక్క కొరికి పట్టుకుపోయాడట. ఎప్పుడో తెలియదని కూడా ఆవిడే రాసింది. అది పెట్టు, ఆ ‘అట’తో సహా.

మూడో పేజీ తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, రెండోవైపు సిరా ఇవతలికి దిగి నా కళ్లు పోతున్నాయి.