స్టెమ్ సెల్స్ చదువుతానంటున్న అమ్మాయి: బీఎస్సీనా, బీటెకా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా బిడ్డ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ వద్దంటోంది. మూలకణాలు (స్టెమ్ సెల్స్) మెత్తటి చోట ఒకలా, గట్టి చోట ఇంకోలా మారతాయట, అదే చదువుతానంటోంది. వాళ్ల నాయనమ్మకు ఫ్లోరోసిస్, చిన్నప్పటి నుంచి ఎముకల గురించే అడుగుతుంది. హైదరాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు స్టెమ్ సెల్ కోర్సుకు మంచి డిమాండ్ ఉందన్నారు. ఫీజు చాలా ఎక్కువ. అది కాకపోతే నల్గొండలో బీఎస్సీనా, బయటెక్కడైనా బీటెకా? కణం కూడా చుట్టూ ఉన్నదాన్ని బట్టే తయారవుతుంది కదా, ఇక్కడుంచాలంటే భయం. ఆడపిల్లకు అన్నేళ్ల చదువంటే ఇంకో భయం.

జవాబు: కోర్సుల గురించి మీరు అడిగింది ఒక్క ముక్క. మిగతాదంతా టెన్షనే. నీట్ ఫలితాలొచ్చాక ప్రతి ఏడాదీ నల్గొండ, పాలమూరు వైపు తల్లిదండ్రులు ఇలాగే రాస్తారు. మీ బిడ్డ ఏమీ పోగొట్టుకోలేదు. ఆ దిగులు ముఖం ముందు ఇంట్లో పెట్టకండి.

ఇక మీ కణం మాట. 2006లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన డెన్నిస్ డిషర్ బృందం ఎముక మజ్జ మూలకణాలను రకరకాల గట్టిదనం ఉన్న జెల్స్ మీద పెంచింది. పోషక ద్రవం అన్నిటికీ ఒకటే. మెదడంత మెత్తగా, కిలోపాస్కల్‌కు (గట్టిదనాన్ని కొలిచే యూనిట్) లోపున్న జెల్ మీద అవి నాడీకణాల్లా కొమ్మలేశాయి. పది కిలోపాస్కల్స్‌కు అటూఇటూ కండర కణాల్లా సాగాయి. 25 నుంచి 40 దాకా ఉన్నదాని మీద ఎముక దారి పట్టాయి. కణం తన కిందున్నదాన్ని పట్టి లాగి చూస్తుంది. అది ఎంత లొంగకపోతే కణం లోపల అంత బిగువు, ఆ బిగువు జన్యువుల దాకా పోతుంది. మొదటి వారంలో రసాయనాలతో దారి మళ్లించగలిగారు, కొన్ని వారాలయ్యాక కుదరలేదు. 2012లో ఇంకో బృందం అసలు కారణం గట్టిదనం కాదు, కణాలు పట్టుకోవడానికి జెల్ మీద పూసే కొల్లాజెన్ అనే ప్రొటీన్ దానికి అతుక్కున్న తీరు అంది. 2014లో దానికీ ఎదురు జవాబొచ్చింది. కణం విషయంలోనే ఇంత వాదన నడిచింది, మీరేమో దాన్ని తెచ్చి బిడ్డను నల్గొండ దాటించడానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు!

నాకు నచ్చింది నాయనమ్మ మాట. ఫ్లోరైడ్ చేరితే ఎముక దట్టమవుతుంది, కీళ్ల దగ్గరి లిగమెంట్లు కూడా గట్టిపడతాయి. ఆ మనిషిని చూస్తూ పెరిగిన పిల్లకు గట్టి చోట కణం ఏం చేస్తుందన్న ప్రశ్న వీడియో చూసి పుట్టిన మోజు కాదు.

కానీ పేరులోనే స్టెమ్ సెల్ ఉన్న డిగ్రీల మీద నాకు నమ్మకం లేదు. వైద్య పరిశోధనను చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో మామూలు చికిత్సగా ఒప్పుకున్నది ప్రధానంగా రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడినే. మిగతావి చాలావరకు ట్రయల్స్‌గానే చేయాలి. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కాలిన కళ్లకు మూలకణాలతో చేసిన పని గొప్పది, కాదనను. అయినా అలాంటి చోట్లు ఎన్నున్నాయి? ఆ డిగ్రీ పట్టుకుని హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీకి వెళ్తే దొరికేది ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. అది మామూలు కెమిస్ట్రీ బీఎస్సీకీ దొరుకుతుంది. ఆ కాలేజీవాళ్లను ఒక్కటే అడగండి: పిల్లలు కణాలను తమ చేత్తో ఒక ఫ్లాస్కు నుంచి ఇంకో ఫ్లాస్కుకు మారుస్తారా, అద్దం బయట నిలబడి చూస్తారా? ఇంక్యుబేటర్ తలుపు తీయించండి. లోపల ఫ్లాస్కులు లేకపోతే తిరిగి బస్సెక్కండి.

మీరడిగిన పోలిక చిన్నదే. బీటెక్‌లో లెక్కలు, మెకానిక్స్ వస్తాయి, ఈ సబ్జెక్టుకు అవి కావాలి. ప్రైవేటులో ఖర్చెక్కువ. బీఎస్సీ చవక, లెక్కలు సొంతంగా నేర్చుకోవాలి. నేనైతే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు దోస్త్‌లో నల్గొండ ఎన్జీ కాలేజీ పెట్టించి, కెమిస్ట్రీ ఉన్న గ్రూపు తీసుకోమంటాను. అసలు పోటీ ఎమ్మెస్సీ దగ్గర: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా. ఆ తర్వాత పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, ఐఐటీ హైదరాబాద్, బెంగళూరులో మూలకణాల పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్. పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ వేరే. అప్పటిదాకా సంపాదన ఉండదు, ఆ మాట దాచను.

ఆడపిల్ల అని రాశారే, కొడుకైతే ఈ వాక్యం రాసేవారా? లాంగ్ టర్మ్‌కు లక్షలు కట్టడానికి సిద్ధమైనప్పుడు గుర్తురాని ఏళ్లు ఇప్పుడెందుకు గుర్తొచ్చాయి?

కాలేజీ తెరిచేలోపు ఊళ్లో ఎంపీసీ పిల్లల దగ్గర పుస్తకాలు తెచ్చి కాలిక్యులస్ మొదలుపెట్టమనండి. మొదట తల తిరుగుతుంది, మానెయ్యొద్దని చెప్పండి.