ప్రమాణాలంటే నాకు గుర్తొచ్చేది ఒక గాజు గొట్టం

"పల్లెలోని చిన్న నర్సింగ్ హోములోనూ, నగరంలోని పెద్దాసుపత్రిలోనూ ఒకే వైద్య ప్రమాణాలు పాటించేలా చేయడం సాధ్యమేనా?" అని మీరు అడిగారు. సాధ్యమే. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా చిన్నాయన కుడికాలు.

మాది పాకాల దగ్గర ఒక పల్లె. 2018లో శెనక్కాయ పీకే రోజుల్లో, చీకటి పడే వేళ, చెట్లు కుప్ప వేస్తుండగా ఆయనను మడమ పైన రక్తపింజరి కరిచింది. ఎవరో తువ్వాలు చింపి పిక్క దగ్గర బిగించి కట్టగా, బండి మీద నడుమ కూర్చోబెట్టుకొని దగ్గర్లోని ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్లాం. అక్కడ టీటీ సూది వేశారు, సెలైను పెట్టారు, ఆరు రకాల రక్తపరీక్షలు రాశారు. రక్తం గడ్డకట్టే తీరు తెలియాలంటే నమూనాను బయటి ల్యాబుకు పంపాలని, రిపోర్టు తెల్లవారి వస్తుందని, అంతవరకు గమనిస్తూ ఉంటామని చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నరకు చిగుళ్ల నుంచి రక్తం కారడం చూసి మా చిన్నమ్మ ఏడుపు అందుకున్న తరువాతే "తిరుపతికి తీసుకెళ్లండి" అన్నారు. బిల్లు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది.

తిరుపతిలోని ప్రభుత్వ ఆసుపత్రిలో, మంచం కూడా దొరకని ఆ రద్దీలో, ఒక హౌస్ సర్జను 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కిటికీ పక్కన నిలబెట్టి, గోడ గడియారం చూసి చేతి మీద పెన్నుతో సమయం రాసుకున్నారు. "దీన్ని ఎవరూ కదపకండన్నా" అని నాతో చెప్పి మరో రోగి దగ్గరకు వెళ్లారు. సరిగ్గా 20 నిమిషాలకు వచ్చి గొట్టాన్ని ఒకసారి వంచితే, గడ్డ కట్టి నిలవవలసిన రక్తం నీళ్లలా పక్కకు జారింది, అంటే విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదన్నమాట. ఆ వెంటనే విరుగుడు మందు 10 వయల్స్ సెలైనులో కలిపి ఎక్కించడం మొదలుపెట్టి, ఆ తరువాతే కాలి కట్టును మెల్లగా వదులు చేశారు. ఆరు గంటల తరువాత మళ్లీ అదే గొట్టం పరీక్ష. మూత్రం ఎంత వస్తున్నదో కొలిచి రాయమని నాకే అప్పగించారు, ఎందుకంటే ఆ విషం మూత్రపిండాలనూ దెబ్బతీస్తుందట. ఆరో రోజున చిన్నాయన నడిచి ఇంటికి వచ్చారు.

ఇది ఆ హౌస్ సర్జను సొంత తెలివి అనుకున్నాను. కాదు, పాముకాటు చికిత్సకు దేశమంతటికీ రాసిపెట్టిన పద్ధతే అది. గాజు తగిలితే రక్తంలో గడ్డకట్టే పని త్వరగా మొదలవుతుంది కనుక ఈ పరీక్షకు ప్లాస్టిక్ గొట్టం పనికిరాదన్నది కూడా అందులోనిదే. పామును చంపి సంచిలో తేవలసిన అవసరమూ లేదు, మన దగ్గర వాడే మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒక్కటే. ఆరు పరీక్షలు రాసిన చోట ఒక గాజు గొట్టం, ఒక గడియారం చాలు.

ప్రమాణాలకు కోట్లు కావాలనే వాదన నాకు అందుకే నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం తెచ్చిన 19 అంశాల పట్టిక ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002లోనే చట్టం వచ్చింది, ప్రభుత్వ ఆసుపత్రులకు జాతీయ ప్రమాణాలు 2007 నుంచి ఉన్నాయి. రాతకు కొదవ లేదు, రాత్రి ఎనిమిదింటికి దాన్ని తీసి చూసేవారే లేరు. మన తప్పూ తక్కువేమీ కాదు: ఏసీ గది, లిఫ్టు ఉంటే మంచి ఆసుపత్రి అంటాం, కాస్త డబ్బుంటే తలనొప్పికి కూడా వేలూరు రైలెక్కుతాం, దగ్గరి ఆసుపత్రిని మాత్రం ఒక్క ప్రశ్నా అడగం. ఒకచోట చేసిన పరీక్షను ఇంకొకచోట ఒప్పుకోకుండా మళ్లీ చేయించడం మరో బాధ. ఆ రాత్రి మా చేతిలోని ఫైలును తిరుపతిలోనూ ఎవరూ తెరవలేదు.

మరుసటి ఏడాది మా పక్క పొలంలో ఒక కూలీని పాము కరిచినప్పుడు, 108 వచ్చేలోగా నేనే ఆ నర్సింగ్ హోముకు ఫోను చేసి గాజు గొట్టం ఉందా అని అడిగాను. "ఇప్పుడు గాజువి ఎవరు వాడుతున్నారు సార్, మా దగ్గర అన్నీ ప్లాస్టిక్‌వే" అన్నారు. అంబులెన్సును నేరుగా తిరుపతికి పొమ్మన్నాను.