యాప్ లెక్కలో 90 గ్రాములు, గిన్నెలో ఎన్ని?

ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో ఒకే గోడు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఇంట్లో మెయిన్ కూన్, సైబీరియన్ లాంటి పెద్ద జాతి పిల్లిపిల్ల ఉంటుంది. పగలంతా ఇంట్లోవాళ్లు ఆఫీసులో ఉంటారు కాబట్టి వేళకు తిండి వేయడానికి ఫోన్ యాప్‌తో నడిచే యంత్రం, అంటే స్మార్ట్ ఫీడర్ కొన్నారు. అంతా సవ్యంగా ఉందని యాప్ అంటుంది, పిల్ల మాత్రం బరువు పెరగదు. మిగతా సందేహాలు వచ్చే వారానికి ఉంచి ఈసారి ఫీడర్ల ప్రశ్నలకే జవాబిస్తున్నాను.

"మా మెయిన్ కూన్ మగపిల్లకు ఐదు నెలలు. బరువు 2.9 కిలోలు. రోజుకు తొమ్మిది పోర్షన్లు, మొత్తం 90 గ్రాములు వేసినట్టు యాప్‌లో ఉంది. మూడు వారాలుగా బరువు కదలడం లేదండీ. ఫీడర్ మార్చమంటారా?" అని మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

ఫీడర్ మార్చే ముందు కాటా తీయండి. ఆ 90 గ్రాములు ఎవరూ తూచినవి కావు. ఈ ఫీడర్లలో చాలావాటికి తూకం వేసే ఏర్పాటే ఉండదు. లోపల అరలున్న చక్రం ఒక మెట్టు తిరిగితే దాన్ని ఒక పోర్షన్‌గా లెక్కేస్తుంది. అరలో ఎంత పడితే అంతే. పోర్షన్‌కు 10 గ్రాములన్నది ఏదో ఒక రకం గింజతో కంపెనీ వేసుకున్న అంచనా. పెద్ద జాతి పిల్లల కోసం అమ్మే ఆహారంలో గింజ లావుగా ఉంటుంది. అరలో సందులు ఎక్కువై తిండి తక్కువ పడుతుంది. పైగా వానాకాలంలో మూత సరిగ్గా బిగవకపోతే గింజలు తేమ పీల్చుకుని అంటుకుపోతాయి, చక్రం తిరిగినా రాలవు. యాప్ మాత్రం వేసేసినట్టు రాసుకుంటుంది.

ఖాళీ గిన్నెను వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి సున్నా చేయండి. బటన్ నొక్కి పది పోర్షన్లు వేయించి తూచండి. 70 గ్రాములే వచ్చాయనుకుందాం, అంటే మీ పిల్లకు రోజుకు అందుతున్నది 63 గ్రాములు. సంచి మీద 100 గ్రాములకు 400 కిలోకేలరీలని రాసి ఉంటే అవి 252 కిలోకేలరీలు. వెటర్నరీ డాక్టర్లు మొదటి అంచనాకు వాడే లెక్క ప్రకారం 2.9 కిలోల ఎదిగే పిల్లకు సుమారు 310 నుంచి 390 దాకా కావాలి. లోటు అక్కడే ఉంది. పన్నెండు పోర్షన్లకు పెంచితే 84 గ్రాములు, 336 కిలోకేలరీలు అవుతాయి. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజుల్లో పెంచి, నాలుగు పూటలకు పంచండి. తడి ఆహారం కూడా పెడుతుంటే దాని కేలరీలు ఇందులోంచి తీసేయాలి.

తూకంలో తేడా కనిపించినా కనిపించకపోయినా పిల్లను డాక్టరుకు చూపించండి. ఆ వయసులో మూడు వారాలు బరువు నిలిచిపోవడం మామూలు విషయం కాదు. మలం పరీక్ష చేయించి నులిపురుగుల సంగతి తేల్చుకోండి. అది యాప్‌తో తేలే పని కాదు.

పిల్లను తూచే పద్ధతి గురించి కూడా చెప్పాలి. చాలామంది పిల్లను ఎత్తుకుని మనుషుల తూకం యంత్రం ఎక్కి, తమ బరువు తీసేస్తున్నారు. ఆ యంత్రాల్లో చాలావాటిలో 100 గ్రాముల కన్నా చిన్న తేడా కనిపించదు. తొలి నెలల్లో మామూలు పిల్లిపిల్ల వారానికి పెరిగేదే దాదాపు 100 గ్రాములు. పెద్ద జాతి మగపిల్ల ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే వారం పెరుగుదల మొత్తం ఆ యంత్రం పొరపాటులో కలిసిపోతుంది. 10 కిలోల దాకా తూగే, 5 గ్రాముల తేడా చూపే కాటా తీసుకుని, దాని మీద అట్టపెట్టె పెట్టి సున్నా చేయండి. అట్టపెట్టె కనిపిస్తే పిల్ల తనే వచ్చి కూర్చుంటుంది. వారానికోసారి, ఒకే వేళకు, తిండికి ముందు తూచి నోట్‌బుక్‌లో రాయండి.

యాప్‌లోని 'గ్రోత్ చార్ట్' మీద నాకు చెప్పలేనంత కోపముంది. నేను చూసిన యాప్‌లలో చాలావాటిలో పిల్లులన్నిటికీ ఒకటే గీత. పన్నెండు నెలలు నిండగానే పిల్లను పెద్ద పిల్లిగా మార్చేసి, దానంతటదే తిండి తగ్గిస్తాయి. మెయిన్ కూన్ పూర్తిగా ఎదగడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఎదిగిన మగపిల్లి 6 నుంచి 8 కిలోలు ఉండొచ్చు. దానికి పిల్లల ఆహారాన్నే 15 నుంచి 18 నెలల దాకా కొనసాగించమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఈ మాత్రం తెలుసుకోకుండా ఆటోమేటిక్ మార్పు పెట్టినవాళ్లది ఘోరమైన నిర్లక్ష్యం. సెట్టింగుల్లో దాన్ని ఈరోజే ఆపేయండి. అలాగని పెద్ద జాతి కదా అని కొవ్వు పట్టేలా మేపకూడదు. ఈ జాతికి తుంటి కీలు సమస్యలు ఎక్కువ, అదనపు బరువు వాటిని ముదురుస్తుంది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం పొడుచుకొచ్చినట్టు కనిపించకూడదు.

"కెమెరా ఉన్న ఫీడర్‌ను ఊరు మారుతున్న పొరుగువారి దగ్గర కొన్నాం. రాత్రిళ్లు ఎవరూ యాప్ తెరవకపోయినా కెమెరా లైటు వెలుగుతోంది. పాడైందా?" ఇది సైనిక్‌పురి నుంచి వచ్చిన ప్రశ్న.

పాడవడం కన్నా పెద్ద ప్రమాదం ఉండొచ్చు. ముందు ప్లగ్ పీకేయండి, తర్వాత చదవండి.

ఇలాంటి పరికరం మొదట ఎవరి ఖాతాకు జతైందో కంపెనీ సర్వర్‌లో వాళ్ల పేరిటే ఉంటుంది. బటన్ నొక్కి రీసెట్ చేస్తే మీ వైఫై వివరాలు చెరిగిపోతాయి. పాత ఖాతాతో బంధం మాత్రం కొన్నింటిలో తెగదు. పాత యజమాని తన యాప్‌లోంచి పరికరాన్ని తొలగించాలి, తను యాక్సెస్ ఇచ్చిన వాళ్లందరినీ తీసేయాలి. అప్పటిదాకా మీ హాల్లో మాటలు, మనుషులు ఎవరి ఫోన్‌లో కనిపిస్తున్నాయో మీకు తెలియదు. ఆ పొరుగువారు మంచివారే కావొచ్చు. వాళ్ల పాస్‌వర్డ్ ఎక్కడో లీకై ఉంటే వాళ్ల మంచితనం మిమ్మల్ని కాపాడదు.

ఇవి ఊహలు కావు. 2019లో ఒక రష్యన్ పరిశోధకురాలు ఒక రకం ఫీడర్లలో లోపం కనిపెట్టారు. ప్రపంచవ్యాప్తంగా పదివేలకు పైగా ఫీడర్లను ఆమె ఉన్నచోటి నుంచే నడపగలిగే స్థితి. 2023లో ఒక భద్రతా సంస్థ మరో ఫీడర్‌ను పరిశీలిస్తే పాస్‌వర్డ్ పరికరం సాఫ్ట్‌వేర్‌లోనే రాసి ఉంది, అప్‌డేట్ వచ్చే దారికి సరైన రక్షణ లేదు. పిల్లి గిన్నె దగ్గర పెట్టే వస్తువే కదా అని మనం పట్టించుకోం. నాకు మాత్రం అది ఇంటి మధ్యలో నేలకు దగ్గరగా పెట్టిన, మైకు ఉన్న కెమెరా.

పాత యజమానితో తొలగింపు చేయించాక కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్, అంటే అతిథుల కోసం వేరుగా ఉండే వైఫై తెరిచి ఫీడర్‌ను అందులోనే ఉంచండి, మీ లాప్‌టాప్, ఫోన్లు ఆ నెట్‌వర్క్‌లో ఉండకూడదు. యాప్‌కు కాంటాక్టుల అనుమతి ఎందుకు? తీసేయండి. కెమెరాను గోడ వైపు తిప్పండి. ఇన్ని చేశాక కూడా లైటు వెలిగితే ఆ వస్తువు మీ ఇంట్లో ఉండకూడదు. కొత్తగా కొనేవారికి నా సలహా ఒకటే, కెమెరా లేనిది కొనండి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఫీడర్ అంటే ఒక గడియారం, ఒక మోటారు. దానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి ఎందుకు కావాలి? 2020 ఫిబ్రవరిలో విదేశాల్లో ఒక కంపెనీ సర్వర్లు రోజుల తరబడి పనిచేయలేదు, వేళకు తిండి పడలేదని యజమానులు మొత్తుకున్నారు. కొనేముందు రౌటర్ ఆపేసి చూపించమని అడగండి. నెట్ లేకపోయినా వేళకు గింజలు పడాలి. కరెంటు పోయినా బ్యాటరీలతో పడాలి. ఎదిగే పిల్ల కడుపును అప్‌డేట్ల దయకు వదిలేసే డిజైన్‌ను నేను క్షమించలేను.

"ఆరో నెలలో పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. యాప్‌లో ఏమైనా మార్చాలా?" ఇది తార్నాక పాఠకుడి ప్రశ్న.

మార్చాలి. ఆపరేషన్ తర్వాత కేలరీల అవసరం దాదాపు పాతిక శాతం నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. యాప్‌లో 'స్టెరిలైజ్డ్' (ఆపరేషన్ అయింది) అని టిక్ పెట్టి, తిండి ఎంత తగ్గించాలో దానికే వదిలేయకండి. పిల్లల ఆహారమే ఉంచి, డాక్టరు చెప్పిన గ్రాములను కాటాతో తూచి పోర్షన్లు మీరే పెట్టండి. ప్రతివారం బరువు చూసుకుంటూ సర్దండి. సంచి మారిస్తే గింజ సైజు మారుతుంది, పది పోర్షన్ల పరీక్ష మళ్లీ చేయాల్సిందే.