మా అమ్మాయి ఇంజిన్ నాకింగ్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పెట్రోల్ ఇంజిన్లలో నాకింగ్, ఆక్టేన్ నంబర్ మీద పీహెచ్‌డీ దాకా చదువుతానంటోంది. ఊరంతా ఎలక్ట్రిక్ బండ్లు వస్తుంటే ఇంకా పెట్రోల్ ఏంటని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్ పంపి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏమంటారు?

జవాబు: ముందైతే ఆ కోచింగ్ ఫీజు కట్టకండి. ఓ రెండు నెలలు ఆగండి. మూడో సంవత్సరంలో ఉన్న పిల్ల ఫలానా విషయం మీదే పని చేస్తానని పేరు పెట్టి చెప్పడం చాలా అరుదండీ, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు.

అసలు తను దేని గురించి మాట్లాడుతోందో మీకు తెలియాలి. బండి మీద ఇద్దరు కూర్చుని ఎత్తు ఎక్కుతూ, గేరు తగ్గించకుండా ఎక్సలేటర్ గట్టిగా తిప్పితే ఇంజిన్లోంచి టకటకమని ఇనుము మీద కొట్టినట్టు చప్పుడొస్తుంది, వినే ఉంటారు. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకేలోపే, చివర్లో మిగిలిన పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ ఆగలేక తనంతట తానే భగ్గుమంటుంది. నాకింగ్ అంటే అదే. ముదిరితే పిస్టన్ పాడైపోతుంది. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్లో ఆ మిశ్రమాన్ని ఎంతగా నొక్కుతామన్న లెక్క, పెంచితే మైలేజీ పెరుగుతుందని ప్రతి ఇంజిన్ కంపెనీకీ తెలుసు, కానీ పెంచనివ్వకుండా అడ్డం పడేది ఇదే. దీనికి 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ ల్యాబులో థామస్ మిడ్గ్లీ ఒక మందు కనిపెట్టాడు, పెట్రోల్‌లో సీసం కలపడం. నాకింగ్ ఆగింది, సీసం మాత్రం పొగతో పాటు పిల్లల ఒంట్లోకి వెళ్లింది. మన దేశంలో ఆ పెట్రోల్ ఆపింది 2000లో, బంకుల్లో అమ్మకం ఆపిన చివరి దేశం అల్జీరియా, అదీ 2021లో. ఒక తప్పు పరిష్కారాన్ని వదిలించుకోడానికి వందేళ్లు పట్టిందన్నమాట. ఈ రంగంలో తెలివితో పాటు బాధ్యత ఉన్నవాళ్లు కావాలని నేను గట్టిగా అనేది అందుకే.

ఇక ఆక్టేన్ సంగతి. పెట్రోల్ నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే నంబరది. 1926లో గ్రాహమ్ ఎడ్గర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఒక కొలత చెప్పాడు: బాగా తట్టుకునే ఐసో-ఆక్టేన్ అనే ద్రవానికి 100, అస్సలు తట్టుకోలేని నార్మల్ హెప్టేన్‌కి 0. నూటికి 91 పాళ్లు ఐసో-ఆక్టేన్, 9 పాళ్లు హెప్టేన్ కలిపితే వచ్చే మిశ్రమం ఎంత తట్టుకుంటుందో, 91 పెట్రోల్ అంతే తట్టుకుంటుంది. దీన్ని కొలిచేది సీఎఫ్‌ఆర్ అనే పరీక్ష ఇంజిన్, ఒకటే సిలిండర్, నడుస్తుండగానే కంప్రెషన్ రేషియో మార్చుకునే వీలుంటుంది. 1920ల చివర్లో తయారైన ఆ డిజైనే ఇప్పటికీ రిఫైనరీల్లో వాడుతున్నారు. ఆక్టేన్ నంబర్లు రెండు రకాలు. ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) కావాలంటే నిమిషానికి 600 చుట్ల మీద, ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబర్) కావాలంటే 900 చుట్ల మీద, మిశ్రమాన్ని ఇంకా వేడి చేసి నడుపుతారు. అమెరికాలో బంకు మీద రాసేది ఈ రెండింటి సగటు, కాబట్టి అక్కడున్న మీ చుట్టాలు 87 కొట్టిస్తున్నామంటే అది నాసిరకం అని కాదు, లెక్క వేరు.

ఇక్కడే మీ అమ్మాయికి పని ఉంది. 600 చుట్ల మీద కొలిచిన నంబరు టర్బో ఉన్న ఇప్పటి కారుకి ఎంతవరకు సరిపోతుంది? ఒకే ఆర్‌ఓఎన్ ఉన్న రెండు పెట్రోళ్లలో ఎంఓఎన్ తక్కువున్నదే కొత్త ఇంజిన్లలో నాకింగ్‌ని బాగా తట్టుకోవచ్చని గౌతమ్ కల్ఘట్గి లాంటి పరిశోధకులు చూపించారు. అంటే వందేళ్ల కొలతనే మళ్లీ ప్రశ్నిస్తున్నారు. దీనికి తోడు మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చింది. ఇథనాల్ ఆక్టేన్ నూరు దాటుతుంది, ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిని చల్లబరుస్తుంది కూడా, కానీ దానిలో శక్తి తక్కువ కాబట్టి దానికి తగ్గట్టు ఇంజిన్ మార్చకపోతే మైలేజీ పడిపోతుంది.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి మీ భయం ఉత్తదేం కాదు. స్కూటర్లలో ఆ మార్పు మన కళ్ల ముందే కనిపిస్తోంది. ఒక్క పెట్రోల్ ఇంజిన్‌నే నమ్ముకుని నలభయ్యేళ్ల ఉద్యోగ జీవితం ప్లాన్ చేయమని నేనూ చెప్పను. కానీ తను నేర్చుకునేది పెట్రోల్ ఒక్కటే కాదండీ. దహన రసాయనం, సెకనులో వేలసార్లు ప్రెషర్ కొలిచి ఆ డేటాని అర్థం చేసుకోవడం, పైథాన్‌లో మోడలింగ్. హైడ్రోజన్ ఇంజిన్‌కీ, మెథనాల్‌కీ, విమాన ఇంధనానికీ, గ్యాస్ టర్బైన్‌కీ పనికొచ్చేది ఇదే చదువు, బ్యాటరీ ఎందుకు అంటుకుంటుందో చూసేవాళ్లకి కూడా.

చోట్లు తక్కువ, అది దాచను. డెహ్రాడూన్‌లో పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఐపీ, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం, పుణేలో వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ, ఐఐటీ మద్రాస్ దహన పరిశోధన కేంద్రం, ఐఐటీ కాన్పూర్ ఇంజిన్ ల్యాబ్, బయట చూస్తే సౌదీలో కౌస్ట్ (KAUST) యూనివర్సిటీ, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ. పీహెచ్‌డీకి ఐదేళ్లు పట్టొచ్చు, ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు. అదే వయసులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్నేహితురాలి జీతం చూసి ఇంట్లో పోల్చడం మొదలుపెడితే మాత్రం పిల్ల నలిగిపోతుంది. ఆ ఐదేళ్లు తన సంపాదన మీద ఇల్లు ఆధారపడే పరిస్థితి ఉంటే ఇప్పుడే చెప్పేయండి, అప్పుడు ఎంటెక్ చేసి కంపెనీలో చేరే దారి చూద్దాం.

తనకి నిజంగా ఇష్టమా, లేక ఓ వీడియో చూసి వచ్చిన ఉత్సాహమా అనేది ఇలా తేల్చుకోవచ్చు. క్యాంటెరా అని దహన రసాయనాన్ని లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మామూలు లాప్‌టాప్ చాలు. హెప్టేన్ ఎంత వేడి దగ్గర ఎంతసేపటికి తనంతట తాను అంటుకుంటుందో గ్రాఫ్ గీయమనండి. వేడి పెరిగేకొద్దీ త్వరగా అంటుకోవాలి కదా, కానీ మధ్యలో కొంత మేర, వేడి పెంచితే ఇంకా ఆలస్యమవుతుంది. ఆ వంపు చూసి ఎందుకిలా అని తను పుస్తకాలు తిరగేస్తే అడ్డు చెప్పకండి. ఫైలు ఎర్రర్ వచ్చిందని రెండ్రోజులకే మూసేస్తే అప్పుడు కోచింగ్ గురించి మాట్లాడుకుందాం.

గేట్ మూడో సంవత్సరం నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, దరఖాస్తులు మామూలుగా ఆగస్టు ఆఖరులో మొదలవుతాయి, మెకానికల్ పేపరే రాయించండి. ఈలోగా వేసవి ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టమనండి. ఒకే మెయిల్ అందరికీ పంపకుండా, వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో తనకి అర్థం కాని ఒక్క ప్రశ్న రాసి, ఆ గ్రాఫ్ జత చేసి పంపాలి.