అన్నట్టు, స్టాంపింగ్ కాలేదు

ప్రశ్న: డాలస్‌లో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నాను. నేను, నా భార్య, ఆరేళ్ల పాప. శాకాహారులం, మందు అలవాటు లేదు. సేవింగ్స్ 9,000 డాలర్లు. సెప్టెంబరులో జమైకాలో వారం రోజుల ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ, విమానంతో కలిపి 6,000కి వస్తోంది. క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలకు 200 కట్టుకోనా, సేవింగ్స్ తీయనా? అన్నట్టు, పోయినేడు హెచ్‌1బీ ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పాస్‌పోర్టులో ఉన్న పాత వీసా స్టాంపు గడువు తీరిపోయింది, స్టాంపింగ్‌కి ఇంకా ఇండియా వెళ్లలేదు.

జవాబు: ఆ "అన్నట్టు" దగ్గరే ముందు ఆగాలి. ఎక్స్‌టెన్షన్ మంజూరైందని చెప్పే ఐ-797 కాగితం ఉంటే అమెరికాలో ఉండొచ్చు, పనిచేయొచ్చు. బయటికెళ్లి తిరిగి రావాలంటే మాత్రం స్టాంపు కావాలి. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొస్తే పాత స్టాంపుతో రానిచ్చే మినహాయింపు ఒకటుంది. అది విని కరీబియన్‌కీ పనికొస్తుందనుకుంటారు చాలామంది. దీవుల విషయంలో అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్లకే. మీరు జమైకాలోని మాంటెగో బే నుంచి డాలస్‌కి కాదు, హైదరాబాద్‌కి టికెట్లు కొనాల్సొస్తుంది. అపాయింట్‌మెంటు దొరికేదాకా జీతం సంగతి మీ కంపెనీ దయ. బహామాస్ తాకి వచ్చే క్రూజ్ ఎక్కినా ఇదే గొడవ.

ఇక కార్డు. 22 శాతం వడ్డీ అనుకుందాం. నెలకు 200 చొప్పున 6,000 తీరడానికి 44 నెలలు పడుతుంది, వడ్డీయే దాదాపు 2,800. బాకీ తీరేసరికి పాపకి పదేళ్లు దగ్గరపడతాయి. సేవింగ్స్ కూడా ముట్టుకోవద్దు. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులకు మించి గడువుండదు. ఇంటద్దె కడుతూ ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ 9,000 నిజానికి తక్కువే.

నేనైతే ప్యూర్టో రికో వెళ్తాను. అదే కరీబియన్ సముద్రం, కానీ అమెరికా భూభాగం. దాని రాజధాని శాన్ హువాన్‌కి దేశీయ విమానమే, స్టాంపు అడ్డు రాదు. పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మాత్రం బ్యాగులో ఉండాలి. ఎల్ యూంకే అడవి, కులేబ్రా దీవిలో ఫ్లమెంకో బీచ్ పాపకి బాగా నచ్చుతాయి. ఆల్ ఇన్‌క్లూజివ్ ధరలో పగలూ రాత్రీ పోసే మందు కూడా కలిపే ఉంటుంది, మీరు తాగనిదానికి మీరెందుకు కట్టాలి? వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుని రైస్ కుక్కర్, ఆవకాయ పట్టుకెళ్లండి.

సెప్టెంబరు చవకేమీ ఊరికే కాదు. హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, అందులో ఉధృతం ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. 2017లో మరియా హరికేన్ ప్యూర్టో రికోని తాకింది సెప్టెంబరు 20నే. తుపానుకి పేరు పెట్టాక కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ తుపానుకి పనికిరాదు. మే నెల చూడండి, చలికాలపు రద్దీ తగ్గి ఉంటుంది.

కార్డుకి కట్టగలనన్న ఆ 200 ఇవాళ్టి నుంచే పక్కన పెట్టండి. 14 నెలలకు 2,800, అంటే వడ్డీకి పోవాల్సిన సొమ్మే. బడ్జెట్ అంతే, మించితే రోజులు తగ్గించండి. జమైకా సంగతి ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకొచ్చాక చూద్దాం.