పోయిందో లేదో తెలియని ఉద్యోగం

"కరోనా కాలంలో ఉద్యోగం పోయినప్పుడు మానసికంగా ఎలా తట్టుకున్నారు?" అని అడిగారు. నాది పోయిందని నాకెవరూ చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

హైదరాబాదులో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పేవాడిని. 2020 మార్చిలో బడులు మూసేశారు. ఆ నెల జీతం సగమే వచ్చింది, ఏప్రిల్‌ది అసలే రాలేదు. ఫోను చేస్తే "తెరవగానే కబురు చేస్తాం సార్" అనేవారు. తీసేశామని ముఖం మీదే చెప్పి ఉంటే ఒక రాత్రి ఏడ్చి, తెల్లారి వేరే దారి చూసుకునేవాడిని. ఆ కబురు కోసం ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకోవడమే నన్ను లోపల్లోపల తినేసింది. చివరికి మే నెలలో ఊరికి చేరి, రాజీనామా నేనే వాట్సాప్‌లో పంపేశాను. నన్నడిగితే సగం వైద్యం అదే.

మిగతా సగం మా ఊరి చెరువులో జరిగింది. ఉపాధి హామీ కింద పూడిక తీస్తున్నారు. ఎండ ముదరకముందే పని మొదలు, మూతికి తువ్వాలు కట్టుకుని మనిషికీ మనిషికీ ఎడం పాటించాలి. కూలీల హాజరు రాసి పని చూసుకునే మేట్‌గా ఉన్న అమ్మాయి నాకు వరుసకు మేనకోడలు. "మీరు చెట్టు కింద కూర్చోండి మామయ్యా, మస్టరులో పేరు నేను వేస్తాను" అంది. నాకు కోపం వచ్చి గడ్డపార అందుకున్నాను. కాసేపటికే అరచేతులు బొబ్బలెక్కాయి. పక్క గుంటలోని పెద్దమ్మ నవ్వి, "దాని గొంతు పిసికినట్టు పట్టుకుంటావెందుకు బిడ్డా? వదులుగా పట్టు, దాని బరువుతో అదే దిగుతుంది" అంది. నిజంగానే దిగింది. కూలి కొలతను బట్టి కాబట్టి, పని ముగించే ముందు మా గుంట పొడవు, వెడల్పు, లోతు గుణించి ఎన్ని ఘనపు మీటర్లయిందో చెప్పాను. అంతే, మర్నాటి నుంచి ఆడవాళ్లంతా తమ గుంటల లెక్కా నన్నే చూడమన్నారు. కాగితం మీద రోజుకూలి 237 రూపాయలు, కొలత తేలాక చేతికొచ్చేది అంతకంటే తక్కువే. కానీ ఆ రాత్రి ఒళ్లెరగని నిద్ర పట్టింది. ఒళ్లు అలిసిన చోట దిగులు నిలవదు. ఏ వైద్యుడు కాదన్నా నేనిదే నమ్ముతాను.

ధ్యానం చేయండి, మంచే ఆలోచించండి, కొత్త భాష నేర్చుకోండి అని సందేశాలు పంపినవాళ్లలో జీతం ఆగినవాడు ఒక్కడూ లేడు, గమనించారా? బ్యాంకులదీ అదే దయ. ఆగస్టు 31 వరకు వాయిదాలు కట్టకపోయినా ఫరవాలేదన్నారు, వడ్డీ మాత్రం పరుగు ఆపలేదు. సెప్టెంబరు 5న గురుబ్రహ్మ శ్లోకాలతో ఫోను నిండిపోయింది. ప్రభుత్వం మా గోడు విని నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. అప్పటికి నా తోటి మాస్టర్లు అరటిపళ్లూ ఇడ్లీలూ అమ్ముతున్నారు. 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులు తెరిచారని పరుగెత్తినవాళ్లకు మార్చిలో మళ్లీ మూత పడింది. నేను వెళ్లలేదు, ఊళ్లోనే ట్యూషన్లు పెట్టుకున్నాను.

పీఎఫ్ సంగతి కూడా చెప్పాలి. 2020లో, కరోనా కారణంగా, మూడు నెలల జీతం (మూలవేతనం, కరువు భత్యం) గానీ, ఖాతాలోని 75 శాతం గానీ, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చని కేంద్రం అనుమతిచ్చింది. బడివాళ్లు నా పుట్టిన తేదీ తప్పు రాయడంతో నా దరఖాస్తు తిరిగొచ్చింది. మీరిప్పుడు ఉద్యోగంలో ఉంటే ఆ తేదీ ఈరోజే చూసుకోండి.