అడగకుండా కారు తీసిన మేనల్లుడు: కేసు ఎవరి మీద?

ప్రశ్న: సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు (16 ఏళ్లు) మేం నిద్రలో ఉండగా టీవీ స్టాండ్ మీది తాళాలు తీసుకుని కారు నడిపాడు. ఆగి ఉన్న ఆటోను గుద్దాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారు స్టేషన్‌లో ఉంది. వాడి మీద దొంగతనం కేసు పెడతారా? కారు నా పేరు మీదే ఉంది, నన్నూ జైల్లో వేస్తారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ మేనల్లుడి గురించి అంత టెన్షన్ వద్దు. అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడానికి మోటారు వాహనాల చట్టంలో 197వ సెక్షన్ విడిగా ఉంది. దానికి మూడు నెలల వరకు జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ లేకుండా నడిపినందుకు 181 కూడా పెడతారు. అయితే 18 నిండలేదు కాబట్టి విచారణ పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులోనే. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. ఇలాంటి చిన్న నేరాల్లో బోర్డు ఎక్కువగా కౌన్సెలింగ్, సమాజ సేవ వంటివే చూస్తుంది. నేరం రుజువైతే మాత్రం 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

అసలు జాగ్రత్తపడాల్సింది మీరు. 2019 సవరణతో వచ్చిన 199ఎ ప్రకారం మైనర్ నడిపితే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి. మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. మీరే ఇచ్చారని కోర్టు ముందే అనుకుంటుంది. మీకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో చూపించాల్సిన భారం మీదే. "అప్పుడప్పుడు వీధిలో నడుపుతుంటాడు లెండి" అని ఎస్సైతో అన్నారా, ఈ రక్షణ చేజారినట్టే. సీసీటీవీ ఫుటేజీ, ఇంట్లోవాళ్ల సాక్ష్యం ఇప్పుడే భద్రపరచండి.

మీరు అనుమతి ఇవ్వలేదన్నది నష్టపరిహారం దగ్గర పనికిరాకపోవచ్చు. బంధువు బైకు తాళాలు చెప్పకుండా తీసుకెళ్లి మైనర్ చేసిన ప్రమాదంలో, బీమా కంపెనీ చెల్లించిన పరిహారాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చింది. అందుకే రిపేరు ఖర్చు ఆటో యజమానికి వెంటనే ఇచ్చి, ముట్టినట్టు కాగితం మీద రాయించుకోండి.

భయంతో "నేనే నడిపాను" అని మాత్రం చెప్పకండి, వేరే డ్రైవర్‌తోనూ అలా చెప్పించకండి. అది మరో నేరమవుతుంది, అప్పుడు మీ మేనల్లుడి కన్నా మీరే పెద్ద చిక్కులో పడతారు.